లైన్ క్లియర్ ఇచ్చిన మనుషులు

మన పత్రికల్లో వారానికి ఒకసారైనా ఎవరికో ఒకరికి లైన్ క్లియర్ అవుతూ ఉంటుంది. టికెట్ ఖాయమైన అభ్యర్థికి, అనుమతులు వచ్చిన ప్రాజెక్టుకు, అడ్డంకులు తొలగిన సినిమా విడుదలకు. ఆ మాట పుట్టిన చోట దాని బరువు వేరు. రైల్వేలో లైన్ క్లియర్ అంటే ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ మాస్టరుకు ఇచ్చే మాట. నీ దగ్గర్నుంచి నా దాకా పట్టాల మీద ఏ బండీ లేదు, నీ బండిని పంపు, అది నా దగ్గరికి పూర్తిగా చేరేదాకా ఆ దారిలోకి ఇంకో బండిని రానివ్వను అని. ఆ మాట తప్పితే మనుషులు చచ్చిపోతారు. అందుకే దాన్ని నోటితో చెప్పి వదిలెయ్యకుండా గంట మోగించి, మిషన్ తిప్పి, రిజిస్టర్లో నిమిషంతో సహా రాసి సంతకం పెట్టేవాళ్లం.

నేను దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. బడి ముఖం చూడని గ్యాంగ్‌మన్లు, ఓనమాలు దాటని పాయింట్స్‌మన్లు డేంజర్, కాషన్, ప్రొసీడ్, ఆల్ రైట్, బ్లాక్, టోకెన్, ఔటర్, హోమ్, స్టార్టర్ అనే మాటల్ని అమ్మ, నాన్న అన్నంత సులువుగా అనడం నా సర్వీసంతా విన్నాను. ఆ మాటలతోపాటు వచ్చిన నిబంధనల గురించి బయట ఒక అభిప్రాయం ఉంది. తెల్లవాడు నల్లవాణ్ణి అదుపులో పెట్టడానికి రాసుకున్న పుస్తకం, పైవాడు కిందివాడి మెడ మీద పెట్టిన కాడి అని. అందులో కొంత నిజముంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఆ పుస్తకమే గేటు దగ్గర నిలబడ్డ మనిషికి మెయిల్ బండిని ఆపే అధికారం ఇచ్చింది. దేశంలో మరే కొలువులోనూ అంత చిన్న జీతగాడికి అంత పెద్ద అధికారం దక్కిందని నేననుకోను. ఈ వ్యాసం ఆ అధికారం గురించి.

మొదట్లో బండ్లను గడియారం చూసి నడిపేవారు. ఒక బండి వెళ్లాక ఇన్ని నిమిషాలు ఆగి రెండోది పంపడం. ముందు వెళ్లిన బండి దారిలో చెడిపోయిందేమో తెలుసుకునే మార్గం లేదు. టెలిగ్రాఫ్ వచ్చాక ఒక స్టేషను ఇంకో స్టేషన్ని అడిగి పంపే వీలు కలిగింది, కానీ అడగడంలోనూ చెప్పడంలోనూ మనిషే ఉన్నాడు. 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థోర్ప్ అనే చోట సింగిల్ లైను మీద రెండు పాసింజరు బండ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. అవతలి స్టేషన్లో ఉన్న మెయిల్‌ని పంపించమని ఇన్‌స్పెక్టరు తంతి రాయించాడు, సంతకం మాత్రం పెట్టలేదు. గుమాస్తా సంతకం లేని ఆ కాగితాన్నే తంతి కొట్టేశాడు. ఇవతలివైపు ఎక్స్‌ప్రెస్‌ని వదిలారు. పాతిక మంది దాకా పోయారు. ఆ తర్వాత నాలుగేళ్లకే ఎడ్వర్డ్ టయర్ అనే ఇంజనీరు ఒక మిషన్ తయారుచేశాడు. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, వాటిలో బిళ్లలు. బిళ్ల చేతికి రాకుండా డ్రైవరు కదలకూడదు. ఒక బిళ్ల బయట ఉన్నంతసేపూ రెండోది ఏ పెట్టెలోంచీ రాదు. టోకెన్ పద్ధతికి మొదలు అదే.

1876 జనవరిలో, ఇంగ్లండులోనే అబట్స్ రిప్టన్ దగ్గర మంచు పేరుకుని సిగ్నల్ రెక్కలు పోవచ్చు అన్నట్టుగానే గడ్డకట్టి ఉండిపోయాయి. అప్పట్లో రెక్క మామూలుగా ఉండే స్థితి అదే, ప్రమాదం ఉంటేనే అడ్డం పెట్టేవారు. అక్కడ జరిగిన చావుల తర్వాత లెక్క తిరగబడింది. సిగ్నల్ మామూలుగా ఉండాల్సింది డేంజర్‌లోనే, బండికి దారి ఖాయమైతేనే దించాలి. మన రెక్క సిగ్నళ్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, తీగ తెగితే ఎదురుబరువు వల్ల రెక్క తనంతట తానే అడ్డంగా వచ్చి నిలుస్తుంది. ఏదైనా చెడిపోతే ఆగిపోవడం వైపే చెడిపోవాలన్న ఆలోచన అది. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా దగ్గర విహారయాత్రకు బయల్దేరిన బండిలోంచి విడదీసిన పెట్టెలు వాలులో వెనక్కి జారి, గడియారం లెక్కన వెనకే వస్తున్న బండిని గుద్దుకున్నాయి. సుమారు 80 మంది పోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ఒక సెక్షన్లో, అంటే పట్టాల మీద ఒక ముక్కలో, ఒకే బండి ఉండాలనే బ్లాకు పద్ధతిని, సిగ్నళ్లకూ పాయింట్లకూ ముడివేసే ఇంటర్‌లాకింగ్‌నీ, అన్ని పెట్టెలకూ పట్టే బ్రేకునూ ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు తప్పనిసరి చేసింది.

ఈ రూల్స్ ఎక్కడో తెల్లదొరల ఊళ్లలో పుట్టినా వాటిని పుట్టించిన పొరపాట్లు ఏ ఊరివైనా ఒకటే. సంతకం లేని కాగితం, చూడకుండా చెప్పిన మాట, సరే అయివుంటుందిలే అన్న నమ్మకం. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది, 1889కి అది బెజవాడను అందుకుంది. కంపెనీకో తీరున ఉన్న పద్ధతులకు 1890 రైల్వే చట్టం ఒక కట్టుబాటు తెచ్చింది. దాని 47వ సెక్షన్ కింద ప్రతి రైల్వే జనరల్ రూల్స్ రాసుకుని సర్కారు ఆమోదం పొంది ప్రచురించాల్సి ఉండేది. ఈ రోజు అమల్లో ఉన్నవి 1976 నాటి జనరల్ రూల్స్. వాటికి ఒక్కో జోను తన అవసరం కొద్దీ చేర్చుకున్నవి సబ్సిడియరీ రూల్స్. రెండూ కలిపి మేం జీ అండ్ ఎస్సార్ అంటాం. రైల్వేవాడి ఇంట్లో దేవుడి గూట్లో భగవద్గీత లేకపోవచ్చు, ట్రంకుపెట్టెలో జీ అండ్ ఎస్సార్ తప్పకుండా ఉంటుంది.

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని పాటించాల్సినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు రానివాళ్లు, చాలాకాలం పాటు అసలు చదువే రానివాళ్లు. పుస్తకమో దాని అనువాదమో చేతికి అందినా అందకపోయినా తన పనికి సంబంధించిన రూల్సు ప్రతి ఉద్యోగికీ తెలిసి ఉండాల్సిందేనని ఆ పుస్తకమే చెబుతుంది. అంటే చెప్పే బాధ్యత పక్క మనిషి మీద పడింది. ప్రతి స్టేషనుకూ దాని సొంత స్టేషన్ వర్కింగ్ రూల్స్ ఉంటాయి. ఈ లూప్‌లో ఎన్ని పెట్టెలు పడతాయి, ఏ పాయింటుకు ఏ తాళం, గేటు ఎంత దూరం, ఏ వైపు వాలు, అన్నీ. కొత్తగా వచ్చిన పాయింట్స్‌మన్‌కు స్టేషన్ మాస్టరు వాటిని తెలుగులో వివరించాలి, అర్థమైందని ఎష్యూరెన్స్ రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

ఆ వివరించే పని నేను చేశాను. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి మార్చి చదివితే ఎవరికీ ఏమీ ఎక్కదు. పట్టాల పక్కన నడిపించి చూపించాలి. ఇదిగో ఇది ఫౌలింగ్ మార్కు, బండి తోక ఈ రాయి దాటి లోపలికి రాకపోతే పక్క లైను బండి దాన్ని గీరుకుపోతుంది, అందుకని తోకదీపం కళ్లారా చూడకుండా నాకు బండి వచ్చిందని చెప్పకు, అని చెప్తే మరి మరిచిపోరు. పాతకాలపు పాయింట్స్‌మన్లకు రూల్సు ఎక్కాల్లాగా నోటికి వచ్చేవి. బ్లాకు గంట రెండు కొడితే లైన్ క్లియర్ అడుగుతున్నారు, మూడు కొడితే బండి సెక్షన్లోకి వచ్చింది, నాలుగు కొడితే బండి చేరింది, ఆరు కొడితే ప్రమాదం. రాత్రి గదిలో కునుకు పట్టినా ఆరో గంటకు లేచి నిలబడేవాళ్లు.

బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు దాకా వచ్చాక మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలమంది ఆ రైల్వే వర్క్‌షాపులున్న ఖరగ్‌పూర్‌కు పనికి వెళ్లారు. బెంగాల్ గడ్డ మీద ఈనాటికీ తెలుగు వినపడే బస్తీలున్న ఊరది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పై అధికారితో హిందుస్తానీ మాట్లాడినా పట్టాల మీద వాళ్లందరికీ ఉమ్మడి భాష ఆ గుప్పెడు ఇంగ్లీషు మాటలే. సామర్లకోట గార్డూ, బీహారు డ్రైవరూ, ఒరియా గేట్‌మనూ ఒకే సెకనులో ఒకే అర్థం తీసుకోవాల్సిన చోట ఒకే మాట ఉండటం అవసరమైంది.

సింగిల్ లైను మీద బంతి టోకెన్ పనిచేసిన తీరు కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఉండరు. గుంటూరు నుంచి నల్లమల మీదుగా గుంతకల్లు వెళ్లే మీటరుగేజి లాంటి లైన్లలో స్టేషన్ గదిలో గోడవారగా ఎర్రటి ఇనుప మిషన్లు రెండు నిలబడి ఉండేవి, ఒకటి ఇటు స్టేషనుతో, రెండోది అటు స్టేషనుతో మాట్లాడటానికి. నేను గంట కొట్టి అడుగుతాను. అవతలాయన తన రిజిస్టరు చూసుకుని, లైను ఖాళీ అని నిర్ధారించుకుని, తన మిషన్ తిప్పుతాడు. నా మిషన్ మీద సూది కదులుతుంది. అప్పుడే నా హ్యాండిల్ తిరుగుతుంది, అడుగున ఉన్న గూట్లోకి ఉక్కు బంతి ఒకటి దొర్లి పడుతుంది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లూ, నంబరూ చెక్కి ఉంటాయి. నేను ఆ పేర్లు చదివి, సరైన సెక్షన్‌దేనని చూసి, తోలుసంచిలో పెట్టి, ఆ సంచి తగిలించిన పెద్ద బెత్తపు రింగును పాయింట్స్‌మన్‌కు ఇస్తాను. ఆగని బండి అయితే అతను పట్టాల పక్కన నిలబడి రింగు ఎత్తి పట్టుకుంటాడు. ఇంజను మీది మనిషి చెయ్యి చాచి దాన్ని భుజం దాకా దూర్చుకుంటాడు, పాత సెక్షన్ రింగును కింద పడేస్తాడు. తర్వాత డ్రైవరు సంచి విప్పి బంతి మీది పేర్లు తనూ చదువుకోవాలి. సిగ్నల్ దిగి ఉన్నా సరే, ఆ బంతి చేతిలో లేకపోతే ముందుకు పోవడానికి వీల్లేదు.

రెండు స్టేషన్లలోని బంతుల్లో ఒక్కటి బయట ఉంటే రెండోది ఎక్కడా ఊడిరాదు. నేను మాస్టర్ని, నేను చెబుతున్నాను అన్నా రాదు. డివిజన్ అధికారి తన సెలూన్ పెట్టెలో కూర్చుని త్వరపెట్టినా రాదు. మిషన్ ఎదుట హోదాలు పనిచేయవు.

మిషన్ లేని చోట ఆ పని ప్రైవేట్ నంబర్లు చేసేవి. స్టేషన్లోనూ గేటు దగ్గరా అచ్చు వేసిన కాగితం ఒకటి ఉంటుంది, దాని మీద ఒక వరస అంటూ లేని రెండంకెల నంబర్లు. ఒకరి కాగితం మీదివి ఇంకొకరికి తెలియవు. ఫోనులో మాట ఇలా సాగేది:

“గేటూ, పాసింజరు వస్తోంది. గేటు వేశావా?”

“వేశాను సార్, తాళం కూడా వేశాను. ప్రైవేట్ నంబర్ ఫోర్ త్రీ, నాలుగు మూడు.”

“ఫోర్ త్రీ. నాలుగు మూడు.”

“ఔను సార్.”

ఆ 43 ను అతను తన కాగితం మీద కొట్టేసి పక్కన బండి నంబరూ టైమూ రాసుకోవాలి, నేను నా రిజిస్టర్లో రాసుకోవాలి. ఒకసారి వాడిన నంబరు మళ్లీ వాడకూడదు. ఆ వేశాను సార్ అనే మాట అలవాటు మీద నోటి నుంచి జారిపోకుండా కాపాడేది ఆ రెండంకెలే. లేచి గేటు వెయ్యాలి, కాగితం తియ్యాలి, నంబరు చూడాలి, కొట్టెయ్యాలి, చెప్పాలి. అన్ని పనులు చేస్తున్న మనిషి నిద్రలో ఉండలేడు. రిజిస్టర్లో తప్పు రాస్తే చెరపకూడదు, పాత అంకె కనిపించేట్టు గీత కొట్టి పైన సరైనది రాసి పొడి సంతకం పెట్టాలి. తప్పు జరగడం రూల్సుకు తెలుసు. దాన్ని దాచడానికి మాత్రం ఒప్పుకోవు. ఇంజనులోనూ అంతే, సిగ్నల్ కనపడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు తనూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒకే మనిషి కళ్ల మీద వెయ్యిమంది ప్రాణాలు పెట్టకూడదన్న పట్టుదల అది.

ఇక ఆపే అధికారం సంగతి. ఎర్రజెండా ఉంటే ఎర్రజెండా. లేకపోతే రెండు చేతులూ తలపైకెత్తి నిలబడితే చాలు, అది ఆగు అనే సిగ్నలే. రాత్రి ఎర్రదీపం లేకపోతే ఉన్న తెల్లదీపాన్నే అడ్డంగా, జోరుగా ఊపాలి. బ్రాడ్‌గేజి మీద అడ్డంకి ఉంటే 600 మీటర్ల దగ్గర ఒక పటాసు, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు పటాసులు పట్టాకు కట్టాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు ఆగి తీరాలి. ఆపింది ఎవరు, గ్రేడు ఏంటి అని అతను అడగకూడదు. గ్యాంగ్‌మన్ ఊపిన దీపానికి రాజధాని ఎక్స్‌ప్రెస్ కూడా నిలబడాల్సిందే.

వానాకాలంలో ఈ అధికారం ఎంత ముఖ్యమో తెలుగు నేలకు బాగా తెలుసు. 1954 సెప్టెంబరు చివర్లో జనగామ దగ్గర వాగు వంతెన కొట్టుకుపోయి రైలు నీళ్లలో పడింది, వందమందికి పైగా పోయారు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య మళ్లీ వంతెనే కూలింది, మళ్లీ వందకు పైగా చావులు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటే నెహ్రూ వద్దన్నారు. ఆ నవంబరు 23న తమిళనాట అరియలూరు దగ్గర ఇంకో రైలు వరదకు బలయ్యాక శాస్త్రి గారు రాజీనామా చేసి తప్పుకున్నారు. 2005 అక్టోబరు 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా పాసింజరు ఇలాగే తెగిన కట్ట మీద పడి వందమందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇలాంటి రాత్రుల కోసమే పట్టాల వెంట గస్తీ తిరిగే పెట్రోల్‌మన్లు ఉన్నారు. వాన కురుస్తుంటే చేతిలో దీపం, భుజాన పటాసుల సంచి, చంకలో పెట్రోల్ బుక్. తన బీటు చివరిదాకా నడిచి, అవతలి బీటువాణ్ణి కలిసి, ఒకరి పుస్తకం ఒకరు మార్చుకుని వెనక్కి రావాలి. పుస్తకం చేతులు మారిందంటే ఇద్దరూ ఆ హద్దు దాకా నడిచినట్టే. స్టేషనుకు వచ్చినప్పుడు మాస్టరు టైము వేసి సంతకం పెడతాడు. రావాల్సిన టైముకు పదిహేను నిమిషాలు దాటినా పెట్రోల్‌మన్ రాకపోతే స్టేషన్ మాస్టరు బండిని ఆపి కాషన్ ఆర్డరు ఇచ్చి మెల్లగా పంపాలి.

నాకంటే చాలా సీనియర్ మాస్టరు ఒకాయన గురించి చెప్పాలి. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఒక తుపాను రాత్రి పెట్రోల్‌మన్ రాలేదు. కంట్రోలు నుంచి ఫోను, మెయిల్ అప్పటికే లేటు, ఆపొద్దు, వదిలెయ్యండి అని. ఆయన గొంతు పెంచలేదు. “అలాగే సార్, ఆ ఆర్డరు ప్రైవేట్ నంబరుతో ఇవ్వండి, రాసుకుంటాను” అన్నారు. అవతల ఫోను పెట్టేశారు. మెయిల్ ఆగింది. డ్రైవరు కాషన్ ఆర్డరు మీద సంతకం పెట్టి, తాబేలు నడకన బండిని తీసుకెళ్లాడు. పెట్రోల్‌మన్ కాలు బెణికి దారిలో కూర్చుండిపోయాడని తర్వాత తెలిసింది, కట్టకు ఏమీ కాలేదు. మెయిల్ నష్టపోయిన నిమిషాలకు సంజాయిషీ అడుగుతూ మాస్టరు గారికి మెమో వచ్చింది. ఆయన రూలు నంబరు వేసి ఒక్క వాక్యంలో జవాబు రాశారు. తర్వాత ఏ శిక్షా పడలేదు. కట్ట తెగి ఉంటే ఆయన హీరో అయ్యేవారు, తెగలేదు కాబట్టి మెమో అందుకున్నారు. రూలు పాటించే మనిషి బతుకంతా ఇలాంటి రాత్రులతోనే గడుస్తుంది. ఏమీ జరగకపోవడమే ఆయన పనికి ఫలితం, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

ఇప్పుడు ముందు చెప్పిన కాడి సంగతికి వస్తాను. అదే పుస్తకం కొరడాగా కూడా పనిచేసింది. రూలు మీరి జనం ప్రాణాలను ప్రమాదంలో పెట్టిన ఉద్యోగికి రెండేళ్ల దాకా జైలని 1890 చట్టం 101వ సెక్షన్ చెప్పింది. కానీ ఆ ఉద్యోగి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో ఆ చట్టం అడగలేదు. చిన్న తప్పులకు జీతంలోంచి జరిమానాలు కోసుకునేవారు. జరిమానా వేసే ముందు కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని, దానికో రిజిస్టరు పెట్టాలని 1936 వేతన చెల్లింపు చట్టం వచ్చాకే ఒక హద్దు ఏర్పడింది. షోకాజ్, ఛార్జిషీటు, ఎంక్వైరీ, ఇంక్రిమెంట్ కట్ అనే మాటలు రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్లకూ పిల్లలకూ తెలుసు. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల కింద వచ్చే పెద్ద ఛార్జిషీటును దాని ఫారం పేరుతో ఎస్సెఫ్ ఫైవ్ అంటారు. ఇంటికి ఎస్సెఫ్ ఫైవ్ వచ్చిందంటే ఆ రోజు పొయ్యి వెలగదు.

పని గంటల కథ ఇంకా చేదైనది. 1890 చట్టానికి 1930లో చేసిన సవరణతో మొదటిసారి హద్దు పెట్టారు, ఎడతెగని పని చేసేవాళ్లకు వారానికి 60 గంటలు, పని మధ్య ఖాళీ ఉంటుందని తేల్చినవాళ్లకు 84 గంటలు. గేట్‌మన్ ఆ రెండో జాబితాలోకి పోయాడు, బండ్ల మధ్య అతను ఖాళీయే కదా అని. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు వీటిని 54కీ 75కీ తగ్గించింది, మరీ ఒత్తిడి ఉన్న పనికి 45 గంటలు చేసింది. ఈ మార్పులేవీ వాటంతట అవి రాలేదు. ఖరగ్‌పూర్ కార్మికులతో 1920ల చివర్లో సమ్మె నడిపిన నాయకుల్లో మన వి.వి.గిరి ఒకరు, ఆలిండియా రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిలబెట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నారు.

1973లో లోకో రన్నింగ్ సిబ్బంది, అంటే ఇంజను నడిపేవాళ్లు, వర్క్ టు రూల్ అన్నారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తామన్నారు, అంతే. బ్రేకు పరీక్ష పూర్తయ్యేదాకా కదలం, దీపం సరిగా లేని ఇంజను ఎక్కం, ప్రతి స్పీడు హద్దూ పాటిస్తాం, విశ్రాంతి గంటలు పూర్తి కాకుండా పిలిస్తే రాం. రూల్సును అక్షరాలా పాటిస్తే బండ్లు ఆలస్యమై యార్డులు కిక్కిరిశాయి. అంటే అంతకుముందు బండ్లు టైముకు నడిచింది ఎలాగో దేశానికి తెలిసిపోయింది. పగలు రూలు చూపించి శిక్షించేవాళ్లు రాత్రి అదే రూలు పక్కన పెట్టి బండి నడపమనేవాళ్లు. ఆ ఏడాది ఆగస్టులో డ్యూటీ పది గంటలు దాటకూడదని ప్రభుత్వం ఒప్పుకుంది. మరుసటి ఏడాది, 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైల్వే సమ్మె మొదలై ఇరవై రోజులు సాగింది. వేలమంది జైళ్లకు వెళ్లారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు, ఉద్యోగాలు పోయాయి. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది వి.వి.గిరి గారే. ఆ తరం రైల్వే కుటుంబాలు ఆ సంగతి తలుచుకుని ఇప్పటికీ బాధపడతాయి.

వీటన్నిటి మధ్యా బ్రిటిష్ హయాంలోనే జరిగిన ఒక మంచి పని ఉంది. రైళ్లు నడిపేవాళ్లే రైలు ప్రమాదాలను విచారించకూడదని 1941లో ప్రభుత్వ రైల్వే ఇన్‌స్పెక్టర్లను రైల్వే బోర్డు చేతి కింద నుంచి తప్పించారు. ఈనాటి రైల్వే సేఫ్టీ కమిషన్ పౌర విమానయాన శాఖ కింద ఉండటానికి కారణం అదే. రూలు పైవాణ్ణీ కిందివాణ్ణీ సమానంగా పట్టుకోవాలంటే అడిగేవాడు వేరే ఇంటివాడై ఉండాలని ఆనాడే గుర్తించారు.

బంతి టోకెన్లు దాదాపు పోయాయి. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, డేటా లాగర్, కవచ్ వచ్చాయి. ఎవరు ఏ బటన్ ఎన్ని సెకన్లకు నొక్కారో ఇప్పుడు మిషనే రాసుకుంటుంది. నేను వాటికి వ్యతిరేకిని కాను, ప్రాణాలు కాపాడే ఏ మిషన్ వచ్చినా మొక్కుతాను. కానీ 2023 జూన్ 2న ఒడిశాలో బాహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ తప్పు లైనులోకి వెళ్లింది. కోరమండల్ అంటే మన కోస్తా జనం రోజూ ఎక్కి దిగే బండి. సిగ్నల్ వైరింగులో మరమ్మతులు చేసిన తీరులోనే లోపాలున్నాయని విచారణలో తేలింది. ఆ అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును గుద్దుకుంటే 14 మంది పోయారు. ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఎదురుగా అడ్డంకి ఉందనే అనుకుంటూ జాగ్రత్తగా కదలాలని రూలుంది. చెడిపోయిన సిగ్నళ్ల దగ్గర అది పాటించలేదని తొలి విచారణలో చెప్పారు. చెప్పినప్పుడు వినాల్సిన రాయగడ బండి డ్రైవరు బతికి లేడు. ఎందుకు పాటించలేకపోయాడన్న ప్రశ్నకు అతని గంటలూ, అతని నిద్రా, ఆ సిగ్నళ్లు ఎంతసేపటి నుంచి చెడి ఉన్నాయన్నదీ అంతే వివరంగా బయటకు రావాలి.

మా వాళ్ల పిల్లలు చాలామంది హైదరాబాద్‌లోనూ, అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. ఏటా కంప్లయన్స్ ట్రైనింగ్ ఉంటుందని, వీడియో నడుస్తుంటే నెక్స్ట్ నొక్కుకుంటూ పోయి చివర సర్టిఫికెట్ తీసుకుంటామని చెబుతుంటారు. ఆ మాట వింటే నాకు దిగులేస్తుంది. మా ఎష్యూరెన్స్ రిజిస్టర్లో వేలిముద్ర వేసిన పాయింట్స్‌మన్‌కు తను ఏ రాయి దగ్గర నిలబడి ఏం చూడాలో, చూడకపోతే ఏ బండి ఏ బండిని గీరుకుంటుందో తెలుసు. కారణం తెలిసింది కాబట్టే రాత్రి రెండింటికి ఎవరూ చూడని చోట కూడా ఆ పని చేశాడు.

నా సర్వీసు నాకు నేర్పింది ఇదే. రూలు చెప్పేవాళ్లు దాని కారణాన్ని పాటించేవాడి భాషలో, అతను పనిచేసే చోట నిలబడి చెప్పాలి. పాటించడానికి కావలసిన టైమూ, నిద్రా, మనుషులూ ఇచ్చాకే తప్పిందని అడగాలి. ఏదో అనుమానమొచ్చి పని ఆపినవాడి అనుమానం తప్పని తేలినా అతనికి మెమో ఇవ్వకూడదు, ఎందుకంటే ఒక్క మెమో ఆ సెక్షన్లో ఉన్న అందరి చేతుల్నీ కట్టేస్తుంది. ఈ మూడూ చేసే సంస్థకే రూల్సు పాటించమని అడిగే అర్హత ఉంటుంది, అది రైల్వే అయినా, ఫ్యాక్టరీ అయినా, ఏసీ గదుల ఆఫీసు అయినా.